పన్నెండో సీను చదివిన రోజు

ఏసోబు ముందు పెట్టిన పళ్లెంలో అన్నం చల్లారిపోయింది. గురువారం నుంచి ఇదే వరస. కొద్దిగా మజ్జిగ తాగుతాడు, చెయ్యి కడుక్కుంటాడు, మళ్లీ కుర్చీలో కూర్చుంటాడు. నోరు తెరిచి ఒక్క మాట లేదు.

"మామా, రెండు ముద్దలన్న తినుర్రి. ఒట్టి కడుపు మీద బీపీ గోలీ ఏసుకుంటె కండ్లు తిరుగుతయి," అంది కోడలు రూప.

ఆయన తలెత్తలేదు. ఆదివారం పొద్దున ఆయన ఒళ్లో ఎప్పుడూ బైబిలు ఉంటుంది. ఈ వేళ కొడుకు రాసిన స్క్రిప్టు ఉంది. నూట పది పేజీలు, పక్కన తీగ చుట్టలు చుట్టిన పుస్తకం. ఐదో తరగతి దాకా చదివిన మనిషి. బైబిలు చదివినట్టే దీన్నీ ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివాడు. గురువారం సాయంత్రానికి నలభై ఒకటో పేజీకి వచ్చాడు. అక్కడే ఆగిపోయాడు.

నలభై ఒకటో పేజీలో పన్నెండో సీను ఉంది.

డానియల్ లోపలి గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. రూప తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించింది.

"ఇంకా టైమున్నది. ఆ ఒక్క సీను తీసెయ్యి. నీకేం పోతది?"

"పందిరి గుంజ పీకి, పందిరి నిలవడాలంటె ఎట్ల నిలవడ్తది?"

"మామ నాలుగు దినాలాయె తిండి తినక."

"నేను తినొద్దన్ననా? పేర్లన్ని మార్చిన. ఏసోబు అని యాడ రాసిన? యోహాను అని రాసిన."

"అవ్ యోహానే. బడిల గంట కొట్టే యోహాను. చెవి మీద పెన్సిలు పెట్టుకునే యోహాను. సంఘంల కానుకల సంచి పట్టే యోహాను. ఎవరికి తెల్వదిగ ఆ యోహాను ఎవరో!"

డానియల్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. అప్పటికే చొక్కా కాలర్ మాడిన వాసన వచ్చింది. ఇద్దరూ చూశారు. 

ఈ కథ కోసం అతను పన్నెండేళ్లు తిరిగాడు. కృష్ణానగర్‌లో ఒకే గదికి ముగ్గురు కిరాయి కట్టుకుంటూ, ఎవరెవరి సినిమాలకో పేరు లేకుండా మాటలు రాసి బతికాడు. ఈ స్క్రిప్టు మాత్రం తన పేరుతోనే రావాలని పట్టుబట్టాడు. పదకొండు ఆఫీసుల్లో వినిపించాడు. హీరో ఏడీ అన్నారు. ఏడుపు ఎక్కువుందన్నారు. ఒకాయన సగం విని ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్లి తిరిగి రాలేదు. చివరికి ఇక్కడ నల్లగొండలోని దోస్తులే అన్నారు, సినిమా కాకపోతే కాకపాయె, నలుగురం కూర్చుని జనం ముందు చదువుదాం, ఒక్కసారన్నా మాట మనిషి చెవిన పడాలె గదా అని. ఈ వేళ మధ్యాహ్నం మూడింటికి గ్రంథాలయం పైహాల్లో చదువుతారు.

కథ అతని చెల్లెలు ఎస్తేరుది.

ముప్పై ఏళ్ల కిందట దేవరకొండ రోడ్డు మీది ఊళ్లో ఉండేవాళ్లు. ముసురు పట్టిన రోజుల్లో ఏడేళ్ల ఎస్తేరుకు జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోలేదు. ఇంట్లోనే మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేశారు. మూడో రోజు పొద్దుగూకే వేళకు పిల్ల పోయింది. డానియల్ అప్పుడు హాస్టల్లో ఐదో తరగతి. రేకు పెట్టె పట్టుకుని వచ్చేసరికి సమాధి దగ్గర మనుషులు నిలబడి ఉన్నారు. ఎవరు అడిగినా తండ్రి ఒకే మాట చెబుతున్నాడు: "నేనే వద్దన్న. దేవుడు సూసుకుంటడనుకున్న." పాస్టరయ్యగారికి అదే చెప్పాడు, చుట్టాలకు అదే చెప్పాడు. పదకొండేళ్ల పిల్లవాడు పెట్టె కింద పెట్టకుండానే ఆ మాట విన్నాడు.

ఆనాటి నుంచి తండ్రీ కొడుకుల మధ్య అవసరానికి మించి మాట లేదు.

ముందు గదిలో కుర్చీ కిర్రుమంది. డానియల్ వచ్చేసరికి ఏసోబు లేచి నిలబడి ఉన్నాడు. పుస్తకం మూసి రెండు చేతులతో కొడుకు ముందుకు చాచాడు.

"సదువుకో బిడ్డా. వద్దని నేనంటలే."

నాలుగు రోజుల తర్వాత వచ్చిన గొంతు. అది బొంగురుగా ఉంది.

"మంచిగనే రాసినవ్. కాని మీ అమ్మను తోల్కపోకు."

"ఎందుకు?"

"తోల్కపోకు. గంతే."

"అమ్మ ఇంటె ఏమైతది? నిజమే గదా రాసిన. ముప్పై ఏండ్లు నువ్వు నోరు మూసుకున్నవు. ఇప్పుడు అమ్మ చెవులు గూడ మూస్తనంటవా?"

ఏసోబు కొడుకు ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయి పెదవులు తడుపుకున్నాడు.  కుర్చీలో కూర్చుని, పళ్లెం దగ్గరికి లాక్కుని, చల్లారిన అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టాడు. ఆయన తింటుంటే రూపకు తినకపోయిన రోజుల కన్నా ఎక్కువ భయమేసింది.

అంతలో వాకిట్లోంచి సాలమ్మ గొంతు వినిపించింది.

"పద్నాలుగు మందిమి! స్త్రీల కూడిక మొత్తం వస్తున్నది. సత్తమ్మ రెండు ఆటోలు మాట్లాడింది."

ఆమె లోపలికి వస్తూనే ఆగింది. చీర కుచ్చిళ్లు సరిచేసుకుంది. పోయిన క్రిస్మస్‌కు రూప తెచ్చిన నారాయణపేట చీర. ఇప్పటిదాకా మడత విప్పలేదు.

"అయ్యగారిని గూడ పిలిచిన. ఆయనకు పెండ్లి ఒకటి ఉన్నదట. నువ్వే ప్రార్థన జెయ్యమని సత్తమ్మకు జెప్పిన."

"అమ్మా, అది కూడిక గాదే. కథ సదువుడు."

"కథైతే? సునీల్ కొత్త బండి కొంటె ప్రార్థన జేయించుకున్నడు. బర్రె ఈనితె చేసుకుంటం. నా బిడ్డ మీద నా కొడుకు రాసిన కథకు వద్దా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె ముగ్గురి ముఖాలూ చూసింది. సాలమ్మకు చదువు రాదు. చెల్లెలి మీద రాసిండు అన్న ఒక్క ముక్క తప్ప స్క్రిప్టులో ఏముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క ముక్కతోనే నెల రోజులుగా ఆమె పొంగిపోతోంది.

"నువ్వు పోకు సాలమ్మా," అన్నాడు ఏసోబు. "మోకాళ్లు నొస్తయి. అది పై అంతస్తు."

"నాలుగు దినాలకు నోరు తెరిచి ఇదా నువ్వనేది, డానీ బాపూ?"

"ఇంట్ల ఉండు. నేను గూడ ఉంట."

"గోడ మీద వాని పేరుతోని కాయితం అంటిచ్చిన్రు. రూప సదివి సూపెట్టింది. నేను పోకుంటె ఎవరు పోతరు? నీకు కొడుకు మీద మనసు లేకపోతె నువ్వు ఉండు. నాకు కాళ్లున్నయి."

ఆమె ఆదివారం ఆరాధనకు వెళ్లడానికి కొంగు సర్దుకుంటూ బయటికి నడిచింది. డానియల్ తండ్రి వైపు చూశాడు. ఆ చూపులో గెలిచిన సంతోషం కొంచెం ఉందని రూపకు అనిపించింది. అది ఆమెకు నచ్చలేదు.

అందరూ వెళ్లాక రూప మామ దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"మామా, ఏదో ఉన్నది. నాకు జెప్పున్రి. నేను ఎవ్వరికి జెప్ప."

ఏసోబు గోడ మీది క్యాలెండరు వంక చూశాడు.

"అది నా మాట ఒక్కటే అయితె జెప్పేటోన్ని బిడ్డా," అన్నాడు.



*

గ్రంథాలయం పైహాల్లో అరవై కుర్చీలు వేశారు. నిండవని డానియల్ భయపడ్డాడు. మూడింటికల్లా నిండాయి. ముందు రెండు వరుసల్లో సాలమ్మ, రూప, స్త్రీల కూడిక వాళ్లు, వెనక డిగ్రీ కాలేజీ పిల్లలు, పట్టణంలోని సాహిత్య మిత్రులు, పేపర్ల వాళ్లు ఇద్దరు.

సత్తమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. స్క్రిప్టు రాసిన చేతులను, చదివే నోళ్లను, హాలును, ఫ్యాన్లను, మెట్లు ఎక్కలేక కింద ఆగిపోయిన ఒక అక్కను, దేశ నాయకులను ఒక్కొక్కరిని వరసగా దేవుని చేతికి అప్పగించింది. వెనక పిల్లలు ఒక కన్ను తెరిచి ఒకరినొకరు చూసుకున్నారు. ముందు వరుసల వాళ్లు ప్రతి మాటకూ "స్తోత్రం" అన్నారు.

వేదిక మీద నాలుగు కుర్చీలు, నలుగురి చేతుల్లో కాగితాలు. వేషాలు లేవు, తెరలు లేవు. తండ్రి మాటలు సునీల్ చదువుతాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్, పండగలకు నాటకాలు వేస్తాడు. తల్లి మాటలు గ్లోరీ టీచరుకు ఇచ్చారు. పిల్ల మాటలు ఆమె చెల్లెలి కూతురు చదువుతుంది. సీను ఎక్కడ జరుగుతుందో, ఎవరు ఏం చేస్తున్నారో చెప్పేది మనీష అనే కాలేజీ అమ్మాయి.

"సీన్ ఒకటి. ఊరు. బయట. తెల్లవారుజాము," అని చదివింది మనీష.

"సీన్ రెండు. ఇల్లు. లోపల. పగలు."

"ఆ పిల్ల ఊకె లోపల, బయట అంటదేంది?" సత్తమ్మ గుసగుసలాడింది.

"సినిమా అంటె గంతే. కెమెరా తొవ్వ తప్పకుండ జెప్పాలె," అంది సాలమ్మ, పెద్ద తెలిసినదానిలాగా.

డానియల్ పక్క గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తన పేరుతో రాసిన మాటలు జనం ముందు మరో మనిషి నోట్లోంచి రావడం అతను మొదటిసారి వింటున్నాడు. బాగా రాశాననుకున్న చోట జనం కదల్లేదు. ఊరికే రాసిన చోట ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. పిల్ల బడి గంట తాడు పట్టుకుని వేలాడి, సెలవు రోజున గంట కొట్టి ఊరంతటినీ బడికి పిలిచిన సీనుకు సాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నవ్వింది.

"గిట్లనే జేసింది. గిట్లనే జేసింది ముండ," అని పక్కవాళ్లకు చెప్పింది.

డానియల్ గుండె నిండింది. పన్నెండేళ్లకు ఇది చాలనుకున్నాడు. ఇంకేమీ రాకపోయినా పరవాలేదనుకున్నాడు.

"సీన్ పన్నెండు. ఇల్లు. లోపల. పగలు. బయట వాన. మంచం మీద పాప. తల్లి తడిబట్ట నుదుటి మీద వేస్తుంది. తండ్రి మోకాళ్ల మీద ఉన్నాడు."

గ్లోరీ గొంతు తగ్గించి చదివింది. "ఒళ్లు పెనం లెక్క కాల్తుంది. నీ కాల్మొక్కుత. దవాఖానకు పోదాం."

"వద్దు," అని చదివాడు సునీల్. "ఇచ్చినోడు ఆయన. కాపాడేటోడు ఆయన. తలుపు పెట్టు."

"మూడు దినాలాయె. నా బిడ్డ నాకు దక్కదు."

"విశ్వాసం లేనిదానివి. తలుపు పెట్టు అంటున్న."

హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందు వరుసలో ఎవరో చీదారు. డానియల్ వేదిక వైపు చూడటం లేదు, తల్లిని చూస్తున్నాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. తన వైపు తిరిగి, ఇన్నాళ్లు నా కడుపులో ఉన్నది నువ్వు చెప్పినవ్ కొడకా అన్నట్టు చూస్తుందనుకున్నాడు.

ఆమె ఏడవడం లేదు. తన చీర ఎవరో కట్టుకుని ఎదురుగా కూర్చుంటే చూసినట్టు, గ్లోరీ టీచరును చూస్తోంది.

సాలమ్మ లేచి నిలబడింది.

కొంగు తల మీదికి లాక్కుంది. వాళ్ల సంఘంలో సాక్ష్యం చెప్పేవాళ్లు అట్లాగే చేస్తారు. ఆదివారం ఆరాధనలో వాక్యానికి ముందు, మనసులో భారం ఉన్నవాళ్లు ఎవరైనా లేచి ముందుకు వచ్చి చెప్పుకోవచ్చు. పిలవాల్సిన పని లేదు. ముందు వరుసల వాళ్లకు అందులో వింత కనిపించలేదు. ప్రార్థనతో మొదలైన కూడిక, నడుమ ఒకరు లేచారు. సత్తమ్మ మోకాళ్లు పక్కకు జరిపి ఆమెకు దారి ఇచ్చింది.

సాలమ్మ వేదిక ముందుకు వచ్చి జనం వైపు తిరిగింది.

"సంఘానికి వందనాలు."

"వందనాలు," అన్నారు ముందు వరుసల వాళ్లు.

మనీష కాగితాలు తిప్పి చూసింది. ఇది ఏ పేజీలో ఉందో ఆమెకు తెలియలేదు.

"ఈ టీచరమ్మ సదివినయి నా మాటలు గావు," అంది సాలమ్మ. "అవి డానీ బాపు మాటలు. సునీల్ సదివినయి నా మాటలు."

డానియల్ గోడ మీంచి వీపు తీశాడు.

"డానియల్ తర్వాత, ఎస్తేరు కన్న ముందు, నాకు ఒక కొడుకు పుట్టిండు. పదకొండు నెలలు ఉన్నడు. వాంతులైతె దవాఖానకు తీస్కపోయిన. బెంచి మీద ఒళ్లె పండవెట్టుకోని కూసున్న. మమ్ముల పిలవక ముందే నా ఒళ్లె పోయిండు. ఎవరి తప్పని నేనంటలే. గాని గప్పటి సంది దవాఖాన వాసనొస్తెనే నాకు కాళ్లు ఒణికేటియి.

"ఎస్తేరుకు జరమొచ్చిననాడే ఈ పిల్ల బాపు పోదాం పా అన్నడు. నేను ప్రార్థన జేస్త అన్న. రెండోనాడు నా కాళ్లు పట్టుకున్నడు. మూడోనాడు వానల తడుసుకుంట మల్లేపల్లి దాక నడిచిపోయి జీపు మాట్లాడుకొచ్చిండు. జీపు సప్పుడు ఇని నేను లోపట గడియ పెట్టుకున్న.

"ఆయన బయట తలుపు కొట్టుకుంట, సాలమ్మా తియ్యి, సాలమ్మా తియ్యి అంటుండు. నేను బిడ్డను ఒళ్లె ఏసుకోని పాట వాడిన. ఆయన మొత్తుకునేది ఇనవడొద్దని గట్టిగ వాడిన. బిడ్డ నా దిక్కే సూసింది. నేను నవ్విన. భయపడకు అన్న. పొద్దుగూకంగ సల్లవడ్డది. గప్పుడు గడియ తీసిన."

ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. ముప్పై ఏళ్లు లోపల చెప్పుకున్న మాటలు. వరస తప్పలేదు.

"ఒకన్ని దవాఖానకు ఇచ్చిన. ఒకదాన్ని ప్రార్థనకు ఇచ్చిన. దేవునికి దినాం ఒప్పుకుంటున్న. మనుషులకు ఇయ్యాల ఒప్పుకుంటున్న. నా సాక్ష్యం ముగిస్తున్న."

సాక్ష్యం ముగిస్తే సంఘం స్తోత్రం అనాలి. ఎవరూ అనలేదు. సత్తమ్మ పెదవులు కదిలి ఆగిపోయాయి. దేవుడు ఆ మాట విన్నాడని మనం నమ్ముతాం. విన్న మనుషులు ఏం చేయాలో మాత్రం ఎక్కడా రాసి లేదు.

అప్పుడు వెనక వరుసలో ఒకరు చప్పట్లు కొట్టారు.

పక్కవాళ్లు కలిశారు. క్షణంలో హాలు సగం చప్పట్లతో మోగింది. కాలేజీ పిల్లలు లేచి నిలబడి కొట్టారు. పేపరతను ఫోను పైకెత్తి ఫొటో తీశాడు.

"ఆ పెద్దామె ఎంత సహజంగా చేసింది సార్! జనంలో కూచోబెట్టి లేపడం, కొత్త ఆలోచన," అన్నాడు ఒకాయన డానియల్ భుజం తట్టి.

సాలమ్మకు మొదట అర్థం కాలేదు. ఎవరికో కొడుతున్నారనుకుని వెనక్కి తిరిగి చూసింది. వెనక గ్లోరీ కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మళ్లీ జనం వైపు తిరిగింది. చప్పట్లు తనకేనని తెలిసింది. కొంగు అంచు నోట్లో కుక్కుకుంది.

"ఆపున్రి!" రూప అరిచింది. "ఆపున్రి! అది నాటకం గాదు! ఆపున్రి!"

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు. ఒక్కొక్కరి చేతులు ఒక్కోచోట నిలిచిపోయాయి.

తలుపు దగ్గర ఏసోబు నిలబడి ఉన్నాడు. ఇంట్లో ఉంటానన్న మనిషి ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుంది.

"ఇంటికి పోదాం పా, సాలమ్మా," అన్నాడు.

*

మెట్ల మలుపులో, నీళ్ల కూలరు పక్కన నలుగురూ ఆగారు. పైన హాల్లో కుర్చీలు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"డానీకి నువ్వు జెప్పలేదా?" సాలమ్మ అడిగింది.

"లేదు."

"పెద్దగైనంక గూడ?"

"లేదు."

"ఊరోళ్లకు జెప్పినవ్, అయ్యగారికి జెప్పినవ్. నేను ఇన్న. ఆనాడు నాకు నోరు పెగలలే. ఊరు ఏదన్నా అనుకోని, కొడుకుకైతె నిజం జెప్పి ఉంటవనుకున్న. వాడు నీతోని సక్కగ మాట్లాడకపోతె, చిన్నప్పుడు హాస్టల్ల ఏసినవని, తర్వాత సినిమాలకు పోవద్దన్నవని కోపమనుకున్న. ముప్పై ఏండ్లు గదే అనుకున్న."

"నేను జెప్పింది అబద్ధమేం గాదు," అన్నాడు ఏసోబు. ఆయన కూలరు మీద చెయ్యి ఆనించుకున్నాడు. "ఆ తలుపు ఎంతటిది? మేకులు తుప్పు వట్టినయి. ఒక్క తన్ను తంతె ఊడేది. జీపు డ్రైవరు గూడ అన్నడు, తన్నుమని. నువ్వు లోపట వాడుతున్నవ్. నాకు కాలు లేవలే. లేస్తదేమో, దేవుడు లేపుతడేమో బిడ్డను అని ఒక్క ఘడియ నేను గూడ నమ్మిన. ఆ ఘడియలనే పోయింది. మరి నేను వద్దన్నట్టె గదా."

డానియల్ తండ్రిని చూస్తున్నాడు. బాపూ అనబోయాడు. ఆ పిలుపు అతని నోట్లో ఏనాడో ఎండిపోయింది.  వంగి ఆయన కాళ్లు ముట్టబోతే ఏసోబు ఆపాడు.

"నన్ను గాదు. మీ అమ్మను పట్టుకో."

"నన్ను ముట్టకున్రి," అంది సాలమ్మ.

ఆ మాట ఆమె అరిచి అనలేదు. అయినా డానియల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా పాపం నువ్వు ఎత్తుకున్నవ్," అంది భర్తతో. "మంచోనివి. అందరు నిన్నే మంచోడంటరు ఇగ. మరి నేను ఎవరిని మాఫీ అడగాలె? వాడు ప్రతి కొత్త సంవత్సరం నా కాళ్లు మొక్కిండు. చెల్లెను సంపినదాని కాళ్లు అని తెల్వక మొక్కిండు. నన్ను ఒక్కలు ఒక్క మాట అనలే. అయ్యో అని పాలు తెచ్చిచ్చిన్రు, ఇల్లు ఊడ్సిపోయిన్రు. ఎవరన్న ఒక్కసారి తిట్టినా, నా బిడ్డకోసం నేను మనసార ఏడ్సేదాన్ని. ఆ తొవ్వ గూడ నువ్వు నాకు ఉంచలే, డానీ బాపూ."

ఏసోబు తల వంచుకున్నాడు. ప్రేమతో చేసిన పని అని ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడు. అది ప్రేమే. కాదనడానికి మనమెవరం? కానీ ఆ ప్రేమ కింద ఒక మనిషి ఊపిరాడక ముప్పై ఏళ్లు పడి ఉందని ఆయనకు ఇప్పుడే తెలిసింది.

పై మెట్టు మీద సునీల్ వచ్చి నిలబడ్డాడు. చేతిలో కాగితాలు.

"అన్నా, తప్పుగ అనుకోకు. జనం ఒక్కలు లేవలే. పదమూడో సీను సదువాల్నా, ఆపాల్నా?"

పదమూడో సీను నుంచి చివరిదాకా ఆ కథలో కొడుకు తండ్రిని క్షమించడు. ఆఖరి సీనులో తండ్రి చస్తే మట్టి వెయ్యడానికి కూడా రాడు. ఆ సీను రాసిన రాత్రి డానియల్‌కు బాగా గుర్తుంది. అదే అన్నింటికన్నా మంచి సీను అని పదకొండు ఆఫీసుల్లో చెప్పుకున్నాడు.

"ఆగు సునీల్," అన్నాడు. 

స్త్రీల కూడిక వాళ్లు దిగి వస్తున్నారు. ఎప్పుడూ సాలమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దింపే సత్తమ్మ గోడ పక్కకు ఒత్తిగిలి దాటింది. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకుంటూ పోయారు. ఒకామె ఏదో అనబోయి వెనక నుంచి వచ్చేవాళ్లకు దారి ఇచ్చింది. ఎవరూ తిట్టలేదు. ఎవరూ ఆగలేదు.

సాలమ్మ వాళ్లందరూ దాటేదాకా చూసింది. తర్వాత రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. రూప వెంట పడింది.

"అత్తమ్మా, ఆటో పిలుస్త. ఆగు."

"నా ఎంట రాకు బిడ్డా. నీ పిల్లలు అమ్మమ్మ ఇంటికాడి నుంచి వస్తరు. పోయి వాళ్లను సూసుకో."

వీధిలోకి వచ్చి ఆమె ఇంటివైపు తిరగలేదు. చౌరస్తాలో దేవరకొండ బస్సు మనుషులను ఎక్కించుకుంటోంది. ఆడవాళ్లకు ఇప్పుడు బస్సు ఉచితం, టికెట్టు కొనక్కర్లేదు. చేతిసంచి రూప దగ్గరే ఉంది, ఫోను అందులోనే ఉంది. సాలమ్మ ఉత్త చేతులతో బస్సెక్కింది. కండక్టరు ఆధార్ కార్డు అడిగినట్టున్నాడు. ఆమె ముఖం చూసి, మరి అడగలేదు.

డానియల్ పరుగెత్తుకుని వచ్చేసరికి బస్సు కదిలింది. కిటికీ పక్క సీట్లో ఆమె కనిపించింది. తల మీది కొంగు ఇంకా తియ్యలేదు. "అమ్మా!" అని పిలిచాడు. ఆమె ఎదురుగా ఉన్న సీటు వెనక భాగాన్నే చూస్తూ వెళ్లిపోయింది.

ఏసోబు ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు. ముప్పై ఏళ్లలో వాళ్లిద్దరూ అట్లా పక్కపక్కన నిలబడటం అదే మొదలు.

"పాత ఊరికే పోయింది," అన్నాడు డానియల్. "నేను బండి తెస్త. బస్సు కన్న ముందు పోదాం."

"పోయి ఏమని పిలుస్తవు?"

డానియల్ జేబులో బండి తాళం వెతికాడు.

"పోయేసరికి పొద్దుగూకుతది," అన్నాడు ఏసోబు. "ఆ ఊర్ల మనకు ఎస్తేరు సమాధే గాని ఇల్లు లేదు బిడ్డా. ఇల్లు కూలి పదేండ్లాయె. మీ అమ్మకు ఎరుకే."

బస్సు మలుపు తిరిగింది. గ్రంథాలయం పై కిటికీలోంచి ఎవరో డానియల్‌ను పేరు పెట్టి పిలుస్తున్నారు.